ఒకే మాత్ర, ఇద్దరికి రెండు ఫలితాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెలల తరబడి రక్త విరేచనాలు, కడుపునొప్పి, మనిషి చిక్కిపోవడం – వీటిని మనవాళ్ళు మొలలనో, వేడి చేసిందనో సరిపెట్టుకుంటారు. కొందరిలో అది పేగుల వాపు జబ్బు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి అని దీనిలో రెండు ముఖ్య రకాలు. దీన్ని అదుపులో ఉంచడానికి ఏళ్ళ తరబడి వాడే మందుల్లో అజాథయోప్రిన్ ఒకటి. ఖరీదు తక్కువ గనుక సామాన్యులకు అందుబాటులో ఉన్నది.

అయితే ఈ మాత్ర ఒకరిని నిలబెడితే, ఇంకొకరికి కొద్ది వారాల్లోనే రక్తంలోని తెల్లకణాలను పడగొడుతుంది. అవి బాగా పడిపోతే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకీ తేడా?

ఒంట్లో ఈ మందు ఉధృతాన్ని తగ్గించే పని కొన్ని జన్యువులది. ఐరోపా వారిని చూసి శాస్త్రజ్ఞులు మొదట టి.పి.ఎం.టి. అనే జన్యువునే లెక్కలోకి తీసుకున్నారు. ఆసియావాసుల్లో అది సరిగా ఉన్నా కణాలు పడిపోయేవి. 2014లో కొరియా పరిశోధకులు ఎన్.యు.డి.టి.-15 అనే మరో జన్యువులోని మార్పును పట్టుకున్నారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 1014 మంది రోగులను పరిశీలించి, మన దేశంలో ఈ ప్రమాదాన్ని ముందుగా చెప్పడానికి ఈ జన్యు పరీక్షే మెరుగని 2020లో ప్రకటించారు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి – జన్యువు ప్రతులు రెండు. ఒకదానిలో మార్పుంటే మోతాదు తగ్గించవలసి రావచ్చు. రెండింటిలోనూ ఉంటే అతి తక్కువ మోతాదో, వేరే మందో ఇస్తారు. దగ్గరి చుట్టరికాల్లో పెళ్ళిళ్ళు జరిగే ఇళ్ళలో ఇద్దరి నుంచీ అదే మార్పు రావడానికి అవకాశం హెచ్చు. అయినా ఒక తల్లి బిడ్డలందరూ ఒకేలా ఉండరు. కనుక “మా అన్నకు పడింది, నాకూ పడుతుంది” అనుకోకండి.

మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష సంగతి డాక్టరును అడగండి. పరీక్ష బాగున్నా రక్తకణాల లెక్క మానరాదు. మొదట్లో తరచుగా, తర్వాత సుమారు మూడు నెలలకోసారి చూపించుకోవాలి. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత, జుట్టు కుచ్చులుగా ఊడటం కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అలాగని భయపడి మీ అంతట మీరు మందు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

పేగుల జబ్బు సిగ్గుపడవలసింది కాదు. పిల్ల పెళ్ళి చెడుతుందని దాచిపెడితే, చెడేది పిల్ల ఆరోగ్యం. ఈ మాట ప్రతి ఇంటా చెప్పుకోవాలి.