గిన్నె కోడికి నెలనెలా కిస్తీ కుదరదు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం సభ్యురాలు చేసిన ప్రసంగం. మాటలు చాలావరకు ఆమె చెప్పినట్టే ఉంచాము.)



వచ్చే ఏడాది జీవనోపాధుల ప్రణాళికలో గిన్నె కోళ్ళ పెంపకం పెడదామని మొన్నటి నెలవారీ సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. ఇరవై ఐదు కోళ్ళకు ఒక యూనిట్, దానికొక అప్పు, తర్వాతి నెల నుంచే కిస్తీ. ఆరేళ్ళుగా పెంచుతున్నదానివి గదా, నాలుగు మంచి మాటలు చెప్పు అని నన్ను పిలిచారు. మంచి మాటలు ఉన్నాయి. మిగతావి కూడా ఉన్నాయి. రెండూ విన్నాకనే తీర్మానం రాయండి.

మాది జగిత్యాల దిక్కు. ఇల్లు ఊరి చివర, వెనుక మామిడి తోట. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ పక్షి సగం మన ఇంటిది, సగం చెట్టుది. ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి. ఒంటి మీద ఆ తెల్ల చుక్కలు, బోడి తల, నెత్తిన చిన్న కొమ్ము చూసి పిల్లలు ముచ్చటపడతారు. పొద్దున విడిస్తే గుంపుగా తోటంతా తిరిగి చెదలు, మిడతలు, పురుగులు ఏరుకుంటాయి. పశువుల కొట్టం చుట్టూ తిరిగి పిడుదులు కూడా తింటాయి. నాటు కోడిలాగ మడి అంతా గీకి పాడు చేయవు. దాణా ఖర్చు ఎండాకాలం, వానాకాలం దాదాపు ఉండదు, సాయంత్రం గుప్పెడు నూకలు చల్లితే చాలు, అది కూడా ఇంటికి రావడం మరవకుండా ఉండేందుకే. రోగాలే రావని ఎవరన్నా చెబితే మాత్రం నమ్మకండి. తక్కువ వస్తాయి, అంతే. కొక్కెర రోగం టీకా నేను మిగతా కోళ్ళతో పాటే వేయిస్తాను.

ఇగ లొల్లి సంగతి. కొత్త మనిషి వచ్చినా అరుపే, కుక్క వచ్చినా అరుపే, గాలికి ప్లాస్టిక్ కవరు ఎగిరినా అరుపే. ఒకటి మొదలుపెడితే అన్నీ అందుకుంటాయి. పామును చంపుతాయని అంటారు. మా ఇంట్లో చంపింది నేనైతే చూడలేదు. చుట్టూ చేరి అరుస్తాయి, మనం కర్ర పట్టుకుని పోవాలి. దానికైతే ఆ అరుపు మేలే. కానీ తెల్లారుజామున నాలుగింటికి పక్కింటి పెద్దమ్మ లేచి, "నీ కోళ్ళు బతకనిస్తయా మమ్ముల?" అంటే ఏం చెబుతాం? ఆమెకు ఎండాకాలమంతా గుడ్లు పంపించి సమాధానపడ్డాను. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళల్లో అట్లా ఎంతమందికి పంపుతారు? ఇరుకు గల్లీలో ఉన్నవాళ్ళకు ఈ యూనిట్ ఇవ్వడమంటే సంఘంలో పంచాయతీ పెట్టడమే.

ఆ అరుపుతోనే ఒక లాభం ఉంది. ఈ జాతిలో పుంజు, పెట్ట చూడటానికి ఒక్క తీరుగ ఉంటాయి. చెంపల కింద వేలాడే ఎర్ర తోలు పుంజుకు కొంచెం పెద్దది, కానీ పిల్ల వయసులో అది కూడా తెలియదు. గొంతు వినాలి. పెట్ట రెండు ముక్కలుగా అరుస్తుంది. మా ఊరి పిల్లలకు అది "కట్రా... కట్రా..." అని వినపడుతుంది. "అత్తమ్మా, నీ కోడి కిస్తీ అడుగుతుంది" అని నవ్వుతారు. పుంజుకు ఆ రెండు ముక్కలు రావు, ఒక్క ముక్కే. బెదిరినప్పుడు పెట్ట కూడా ఒక్క ముక్కగా అరుస్తుంది కాబట్టి, "కట్రా" అన్నదాన్నే పెట్ట అని నమ్మాలి.

అంగడిలో వీటిని జతల లెక్కన అమ్ముతారు. మా సంఘంలో ఒక చెల్లె అప్పు తీసుకుని నాలుగు జతలు తెచ్చింది. ఏప్రిల్ వచ్చింది, మే వచ్చింది, గుడ్లు మాత్రం ఒక్క కోడికి సరిపడానే. నేను పోయి ఒక పూట వాళ్ళ దొడ్లో కూర్చుని విన్నాను. ఎనిమిదింటిలో "కట్రా" అన్నది ఒక్కటే. అమ్మినవాడు మళ్ళీ ఆ అంగడికి రాలేదు. ఆ చెల్లె బీడీలు చుట్టిన పైసలతో కిస్తీ కట్టింది. పొదుపు ఒక్క నెల తప్పలేదు, పుస్తకంలో చూస్తే అంతా సక్రమమే. ఇంట్లో ఎట్లా గడిచిందో పుస్తకంలో ఉండదు.

అందుకే పెద్ద కోళ్ళు కొనకండి, గుడ్లు తీసుకుని నాటు కోడి కింద పెట్టండి అంటాను. గిన్నె పెట్ట గుడ్డు పెట్టడంలో గట్టిదే గానీ తల్లిగా పనికిరాదు. పొదిగినా, పిల్లల్ని పొద్దున్నే మంచు గడ్డిలో తిప్పుకొస్తుంది. వెనక పడ్డదాన్ని చూడదు. నాటు కోడి అట్లా కాదు, ఒక్క పిల్ల కూత పెట్టినా ఆగుతుంది. దాని కింద పెరిగిన గిన్నె పిల్లలు సాయంత్రం గంప కిందికి రావడం కూడా నేర్చుకుంటాయి. ఒక కోడి కింద పదిహేను గుడ్ల దాకా పెట్టవచ్చు. కోడి గుడ్లతో కలపొద్దు. కోడి గుడ్డు 21 రోజులకు పిల్ల అవుతుంది, ఇది 26 నుంచి 28 రోజులు పడుతుంది. కలిపితే తల్లి తన పిల్లల్ని తీసుకుని లేచిపోతుంది, ఇవి చల్లబడతాయి.

గుడ్లు ఏరడం వేరే కథ. నాలుగైదు పెట్టలు కలిసి ఏ పొద చాటునో ఒకే చోట పెడతాయి. మధ్యాహ్నం దాకా దొడ్లోనే ఉంచి తర్వాత విడిస్తే చాలావరకు మన కళ్ళ ముందే పెడతాయి. బయట గూడు దొరికితే అన్నీ తీయొద్దు, మూడు నాలుగు వదలాలి. లేకుంటే మరునాడు చోటు మారుస్తాయి, మళ్ళీ వెతుకులాటే. ఏరిన గుడ్లను ఎండాకాలం తడి ఇసుక మీద గంప పెట్టి అందులో దాచండి. వారం దాటినవి పొదుగుకు పెట్టొద్దు, కూరకు వాడుకోండి.

పిల్లలు పుట్టాక మొదటి నెల మీ నెల కాదు, వాటి నెల. తడి తగిలితే చచ్చిపోతాయి. చలి తగిలినా అంతే. కింద పేపరు వేస్తే కాళ్ళు జారి పక్కకు విరుచుకుపోతాయి, గోనె సంచి పరచాలి. నీళ్ళ మూకుడులో గులకరాళ్ళు వేయాలి, లేకుంటే అందులోనే మునుగుతాయి. ఒట్టి నూకలు పెడితే పెరగవు, చెదలు తెచ్చి వేయాలి. మా అత్తమ్మ పాత కుండలో పేడ, గడ్డి నింపి పుట్ట దగ్గర రాత్రి బోర్లించి పెడుతుంది, తెల్లారేసరికి కుండ నిండా చెదలు. కోడిని ఒక్క కాలు పట్టి ఎత్తేది మనకు అలవాటు. వీటిని అట్లా పట్టొద్దు, ఆ కాళ్ళు సున్నితం, రెక్కలు రెండూ కలిపి పట్టాలి.

ఇప్పుడు అప్పు లెక్క. ఈ కోడి మన దగ్గర మార్చి దాటినంక గుడ్లు మొదలుపెట్టి సెప్టెంబరు దాకా పెడుతుంది. చలికాలంలో గుడ్డే ఉండదు, దాణా మాత్రం ఉంటుంది, ఎందుకంటే పొలాల్లో పురుగు తగ్గిపోతుంది. మన అప్పులు మంజూరయ్యేది ఎప్పుడు? పోయిన రెండేళ్ళు నవంబరులో వచ్చాయి. నవంబరులో కోళ్ళు తెచ్చి, డిసెంబరు నుంచి కిస్తీ కడితే, మొదటి గుడ్డు చూడకముందే మూడు నాలుగు కిస్తీలు కూలి పైసల్లోంచి పోతాయి. అదే ఏప్రిల్‌లో గుడ్లు పొదుగుకు పెడితే మే నెలలో పిల్లలు, వానలు ముదిరేసరికి గట్టిపడతాయి, దసరాకు ఐదు నెలల కోడి. దసరాకు మన దగ్గర ఏ కోడీ మిగలదు, అందరికీ తెలిసిందే.

కాబట్టి సభకు నా మనవి. ఇరవై ఐదు కోళ్ళ యూనిట్ ఆపండి. కావాల్సినవాళ్ళకు గుడ్లకు, ఒక పొదుగు కోడికి, గంపకు సరిపడే చిన్న మొత్తం సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పుగా మార్చిలో ఇవ్వండి. కిస్తీ నెలనెలా వద్దు, దసరా తర్వాత ఒకటి, సంక్రాంతికి ఒకటి. ఇచ్చే ముందు గ్రామ సంఘం నుంచి ఇద్దరు పోయి ఇంటి చుట్టూ జాగా, చెట్టు చూసి, పక్కింటివాళ్ళను కూడా అడిగి రావాలి. సీసీ సారు "రికార్డులో నెల కిస్తీ తప్ప రాయడానికి గడి లేదు" అన్నారు. సారూ, గడి మనం గీసుకున్నదే గదా.

నా దగ్గర ఇప్పుడు పద్నాలుగు ఉన్నాయి, అందులో పదకొండు "కట్రా" అనేవే. వచ్చే ఏప్రిల్‌లో గుడ్లు కావాల్సినవాళ్ళు ఈ పూటనే మా సంఘం లెక్కల పుస్తకం రాసే చెల్లె దగ్గర పేరు రాయించండి. వచ్చేటప్పుడు తవుడు పోసిన డబ్బా తెచ్చుకోండి, బస్సులో ఒళ్ళో పెట్టుకుపోవచ్చు.