రెండు చుట్లు చేత్తో తిప్పి చూడండి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేతిపని చేసుకునేవాళ్లు కూడా ఈ వేదిక మీద నాలుగు మాటలు చెప్పాలని సంఘం పెద్దలు కోరారు. మేము అన్నదమ్ములం ఇద్దరం. స్కూలు పిల్లలను వ్యానులో చేరవేయడం మా బతుకుతెరువు. ఉపన్యాసాలు మాకు రావు. మేము చేసిన ఒక తప్పును, దాన్ని దిద్దుకున్న తీరును చెబుతాము. ఇంట్లో పాత బండి ఉన్నవారికి, పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లకు పనికొస్తుంది.

మాది కార్బురేటర్ ఉన్న పాత మారుతి ఓమ్నీ. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. ఒక వేసవి సెలవుల్లో హెడ్ గ్యాస్కెట్ పోయింది. డబ్బు మిగులుతుందని ఇంటి ముందే సీట్లు లేపి, హెడ్డు విప్పి, కొత్త గ్యాస్కెట్ వేశాము. టైమింగ్ బెల్టు కూడా మేమే ఎక్కించాము. బండి స్టార్టయింది కానీ నిలబడిన చోట వణికింది. డిస్ట్రిబ్యూటర్‌ను కాస్త తిప్పితే వణుకు తగ్గింది. పని అయిపోయిందనుకున్నాము.

బడి తెరిచిన వారంలోనే పిల్లలతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి లాగలేక ఆగిపోయింది. కొంచెం వెనక్కి జారింది. హ్యాండ్‌బ్రేకు పట్టింది కాబట్టి బతికిపోయాము. పిల్లలను ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని గోడ పక్కకు దింపాము. ఆ రాత్రి మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

మర్నాడు మా పేటలోని ముసలి ఉస్తాద్ దగ్గరికి వెళ్లాము. ఆయన సీటు ఎత్తకముందే ఒక్క మాట అడిగారు: "బెల్టు బిగించాక ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూశారా, బేటా?"

మేము చూడలేదు. తప్పంతా అక్కడే ఉంది.

ఎందుకు రెండు చుట్లో చెబుతాము. పిస్టన్ల పైకీ కిందికీ కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చేది క్రాంకు. ఇలాంటి క్రాంకును నీళ్లు తోడే యంత్రంలో వాడే విధానాన్ని అల్ జజరీ అనే ఇంజనీరు 1206లో ముగించిన తన గ్రంథంలో వివరించాడు. మన ఇంజన్లో గాలి పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం అనే నాలుగు పనులకు క్రాంకు రెండు చుట్లు తిరగాలి. వాల్వులను తెరిచే కామ్ ఇరుసు ఆ సమయంలో ఒక్క చుట్టే తిరుగుతుంది. ఈ రెంటినీ కలిపి నడిపేది బెల్టు. క్రాంకు చక్రానికి 20 పళ్లుంటే, ఒక్క పన్ను తేడా అంటే 18 డిగ్రీల తేడా. వాల్వు తెరవాల్సినప్పుడు తెరవదు, మూయాల్సినప్పుడు మూయదు. కొన్ని ఇంజన్లలో పిస్టను వెళ్లి వాల్వును కొట్టి వంచేస్తుంది కూడా.

మేము గుర్తులు కలిపే బెల్టు ఎక్కించాము. టెన్షనర్ బిగించేటప్పుడు కామ్ చక్రం ఒక్క పన్ను జరిగింది. మేము గమనించలేదు. మా బండిలో డిస్ట్రిబ్యూటర్ను తిప్పేది కూడా ఆ కామ్ ఇరుసే. అందుకే దాన్ని తిప్పితే నిప్పురవ్వ వేళ సరిపోయింది, వణుకు తగ్గింది. వాల్వుల వేళ మాత్రం తప్పుగానే ఉండిపోయింది. ఒక తప్పును ఇంకో చోట తిప్పి కప్పేశాము.

ఉస్తాద్ మాతోనే పని చేయించారు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించారు. బండిని న్యూట్రల్‌లో పెట్టించి, చక్రాల కింద రాళ్లు వేయించారు. ప్లగ్గులు విప్పితే ఇంజను చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. క్రాంకు బోల్టుకు పానా వేసి, ఇంజను తిరిగే దిక్కుకే తిప్పాలి, వెనక్కి తిప్పకూడదు. రెండు చక్రాల గుర్తులూ వాటి వాటి చోట్లకు తెచ్చి, బెల్టు ఎక్కించి, టెన్షనర్ వదులు లాగాక, రెండు పూర్తి చుట్లు తిప్పాలి. గుర్తులు మళ్లీ కచ్చితంగా కలిస్తేనే టెన్షనర్ బోల్టులు బిగించాలి. కలవకపోతే బెల్టు తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఆ తరువాతే నిప్పురవ్వ సంగతి. మొదటి పిస్టను రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది. మనకు కావలసింది గాలిని నొక్కుతూ వచ్చేది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెడితే గాలి తోస్తుంది, దాన్నిబట్టి తెలుసుకోవచ్చు. డిస్ట్రిబ్యూటర్లోని రోటర్ అప్పుడు మొదటి ప్లగ్గు వైరు వైపు చూడాలి. ఇంజను స్టార్టయి వేడెక్కాక టైమింగ్ లైటును మొదటి వైరుకు తగిలించి, బండి పుస్తకంలో రాసిన డిగ్రీకి డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా జరిపి బిగించాలి. రవ్వ మరీ ముందు వస్తే బరువు లాగేటప్పుడు ఇంజను టకటకమంటుంది. ఆలస్యమైతే లాగదు, వేడెక్కుతుంది.

ఒక హెచ్చరిక. ఆ లైటు వెలుగులో తిరిగే చక్రం కదలకుండా ఆగినట్టే కనిపిస్తుంది. నమ్మి చెయ్యి పెడితే వేళ్లు పోతాయి. వదులు చొక్కా, మెడలో తువ్వాలు ఉండకూడదు. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

పని పూర్తయ్యాక డబ్బు ఎంతివ్వమంటారని అడిగాము. ఉస్తాద్ నవ్వి, "ముందు పిల్లలు లేకుండా అదే ఫ్లైఓవర్ ఎక్కించి చూపించండి, తరవాత మాట్లాడదాం" అన్నారు. ఖాళీ బండితో మూడుసార్లు ఎక్కి దిగాము. ఎక్కడా ఆగలేదు. అప్పుడుగానీ పిల్లలను ఎక్కించుకోలేదు.

దాతలైన పెద్దలకు ఒక్క మనవి. ఉపాధి కోసం ఒక కుర్రవాడికి పానాల పెట్టె కొనిచ్చినప్పుడు, కొన్నాళ్లు ఒక ఉస్తాద్ పక్కన కూర్చునే ఏర్పాటు కూడా చేయండి. మా చేతిలో పనిముట్లన్నీ ఉన్నాయి. లేనిది ఆ ఒక్క ప్రశ్న అడిగే మనిషే.