వంచిన త్రిబంధము



మన నెల్లికుదురు ప్రాంతపు పెద్దలలో కొందరు కార్బైడు దీపము నెరిగియుందురు. కార్బైడుకు నీరు తగిలినప్పుడు వెలువడి మండెడు వాయువు పేరు అసిటిలీన్. దాని అణువులో రెండు కర్బన పరమాణువులు మూడు బంధములతో కూడియున్నవి. దీనినే త్రిబంధ మందురు. తిన్నగా నుండుట దాని స్వభావము. అట్టి బంధమును వలయములో నిమిడ్చిన నేమగునో నేడు మనవి చేసెదను.

మేదరివాని పనిని తలచుకొనుడు. వెదురుబద్దను పెద్ద చుట్టుగా వంచిన నిలుచును; మిక్కిలి చిన్న చుట్టుగా వంచిన విరుగును, లేదా చేయి విడిచినంతనే ఎగిరిపడును. త్రిబంధమును అట్టిదే. ఫ్రాంజ్ సాండ్‌హైమరను శాస్త్రజ్ఞుడు 1950ల తరువాతి భాగమున త్రిబంధములు గల 18 కర్బనముల పెద్ద వలయమును నిర్మింపగా అది నిలిచెను. ఆరు కర్బనముల చిన్న వలయమున త్రిబంధ మేర్పడునని 1953లో అమెరికాలో జాన్ రాబర్ట్స్ ప్రయోగమున చూపెను. కాని ఆ 'బెంజైన్' పుట్టిన క్షణముననే మరియొక పదార్థముతో కలిసిపోవును.

ఇందువలన మనకేమి లాభమని మీరడుగవచ్చును. టెక్సాసు మట్టిలో దొరికిన యొక సూక్ష్మజీవి కాలికియామైసిన్ అను పదార్థమును తయారుచేయును. దాని నిర్మాణము 1987లో వెల్లడియైనది. దాని నడుమ పది కర్బనముల వలయము, అందు రెండు త్రిబంధములు, వాని మధ్య నొక ద్విబంధము గలవు. గంధకపు ముక్క యొకటి గడియవలె నుండి, కణములో తెరచుకొనును. అంతట వలయము బిగిసి, 1972లో రాబర్ట్ బెర్గ్‌మన్ కనుగొనిన విధముననే, త్రిబంధములు మారి ఆరు కర్బనముల వలయ మేర్పడును. అప్పుడు తోడులేని రెండు కర్బనములు డి.ఎన్.ఏ. అను రెండు పేటల త్రాడునుండి ఉదజనిని లాగుకొనగా, రెండు పేటలును తెగి కణము చచ్చును.

అయితే ఈ కత్తికి రోగకణమనియు మంచి కణమనియు భేదము లేదు. అందుచే రక్తపు కాన్సరు కణముల నానవాలు పట్టెడు ప్రోటీనుకు దీనిని తగిలించి ఔషధము చేసిరి. అమెరికా ప్రభుత్వము 2000లో దాని కనుమతి నిచ్చెను. మేలు రుజువుగాక హాని కనబడుటచే 2010లో అది విపణినుండి తొలగెను. మోతాదు తగ్గించి పరీక్షించిన పిదప 2017లో మరల అనుమతి లభించెను.

వంచిన బంధములోని బలము మొదటినుండియు ఒక్కటే. అది విషమగుటయు మందగుటయు మోతాదునందును, చేరెడు చోటునందును ఉన్నది. కావున మన ఇండ్లలో ఎవరికి జబ్బు చేసినను, వైద్యుడు చెప్పిన కొలతను మీరక మందు వాడింపవలసినదిగా పెద్దలగు మిమ్ము ప్రార్థించుచున్నాను.