పందెము పందెమునకు పెరుగు వేగము

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు నేనేదో ప్రబంధమును గూర్చియో, శతకమును గూర్చియో మాటాడుదునని తలచియుందురు. నేను చదివినది బి.ఏ.; చేయునది సచివాలయములో ఫైళ్ల పని. అట్టివాడు పందెపు కార్లను గూర్చి మాటాడుట వింతయే. ఇందుకు బాధ్యుడు మా మేనల్లుడు. 2011 అక్టోబరు 30వ తేదీన మనకు సమీపముననే, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో, మన దేశపు మొదటి ఫార్ములా వన్ పందెము జరిగినది. అప్పటికి చిన్నవాడైన మావాడు పట్టుబట్టి నన్ను వెంట తీసికొనిపోయినాడు. అయిదు కిలోమీటర్లు మించిన బాట, అరువది చుట్లు. సెబాస్టియన్ వెటెల్ గెలిచినాడు. నాకు మాత్రము చెవులు గింగురుమనుట తప్ప మరేమియు బోధపడలేదు.

తిరుగుదారిలో వానిని అడిగితిని: "ఒరే, ఏడాది మొదట వెనుకబడిన కారు ఏడాది చివరకు ముందుకెట్లు వచ్చునురా? డ్రైవరు అతడే కదా!"

"డ్రైవరు అతనే మావయ్యా. కారే అది కాదు. పందెం పందెానికీ మారిపోతూ ఉంటుంది" అన్నాడు.

మన దేశమున ఆ పందెములు 2013తో ఆగిపోయినవి. కాని వాడన్న మాట నన్ను విడువలేదు. కారు మారుట యనగా ఏమి? ఎవరు మార్తురు? మార్చినది మంచిదని వారికెట్లు తెలియును? నాకు తెలిసినంతవరకు మీతో మనవి చేయుదును.

మనబోటివారు వేగమనగానే ఇంజను అనుకొందుము. కాని 2022 నుండి 2025 వరకు ఇంజను శక్తిని పెంచుకొనుటను నిబంధనలే ఆపివేసినవి. తేడా వచ్చినది ఎక్కువగా గాలి వలననే. కారు పరుగెత్తునప్పుడు దాని అడుగుభాగమునకు, నేలకు నడుమ గాలి ఇరుకున పడి వడిగా సాగును; అచట పీడనము తగ్గును; కారు నేలకు అదుముకొనును. ముందు వెనుకల రెక్కలును అట్లే అదుమును. మిక్కిలి వేగమున ఈ అదుముడు కారు స్వంత బరువును కూడ మించును. నేలను గట్టిగా పట్టిన కారు మలుపులో వేగము తగ్గించుకొనవలసిన అవసరము తక్కువ. తిన్నని బాటలో గాక, మలుపులలోనే చుట్టునకు కొన్ని పదుల వంతుల సెకండ్లు మిగులును. పందెములో అదియే సిరి.

కనుక అడుగుభాగపు అంచును కొంచెము వంచుట, రెక్క వాలు మార్చుట, ప్రక్క భాగమును చెక్కినట్లు సన్నగించుట — ఇట్టివే మార్పులు. ఒక్కొక్క దాని ఫలము అత్యల్పము. అట్టి అల్పములు పది కలిసిన గాని ముందున్నవాడు కనబడడు.

ఈ మార్పులలో ఏది మంచిదో తేల్చుటకు మూడు సాక్ష్యములు కలవు. మొదటిది కంప్యూటరు లెక్క. రెండవది గాలి సొరంగము: అసలు కారులో నూటికి అరువది వంతుల పరిమాణము మించని నమూనాను నిలిపి, సెకండుకు 50 మీటర్లు మించని గాలిని వదలి కొలుతురు. మూడవది పందెపు బాట. శుక్రవారపు అభ్యాసములో కారుకు గాలిపీడనమును కొలుచు గొట్టముల చట్రము కట్టి పంపుదురు; మెరయు రంగును నూనెలో కలిపి రెక్కలకు పూయుదురు. గాలి ఏ దారిని పోయినదో రంగు గీతలే చూపును.

ఈ మూడు సాక్ష్యములు ఒక్క మాట చెప్పినచో పని సులువు. చెప్పనప్పుడే చిక్కు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఇచట ఇంట గెలిచినది రచ్చలో ఓడుట కలదు. 2014 నుండి 2021 వరకు వరుసగా ఎనిమిదేండ్లు జట్ల విజేతగా నిలిచిన మెర్సిడెస్ జట్టు 2022లో క్రొత్త నిబంధనల కారును బాటకెక్కించగా, అది తిన్నని బాటలో గుఱ్ఱమువలె ఎగిరెగిరి పడినది. ఆ ఎగురుడును సొరంగము ముందుగా చూపలేదు. ఆ ఏడాది వారు గెలిచిన పందెము ఒక్కటియే.

మరి పొరపాటు దొరికినవెంటనే సొరంగములో పగలు రాత్రి పరీక్షింపరాదా? రాదు. పరీక్షలకు లెక్క కలదు. పైగా ఆ లెక్కలో ఒక ధర్మము కలదు. 2022లో అమలులోనికి వచ్చిన పద్ధతి ప్రకారము, జట్ల పట్టికలో మొదటి జట్టునకు ప్రామాణిక పరీక్షలలో నూటికి 70 వంతులే దక్కును. పదవ జట్టునకు 115. ముందున్నవానికి పగ్గము, వెనుకనున్నవానికి ఊతము. వ్యయమునకును 2021 నుండి హద్దు కలదు. కనుక ఏ ప్రయోగమును వృథాపరుపరాదు. తన తప్పెక్కడ నున్నదో తొందరగా, నిజముగా తెలిసికొన్నవాడే బాగుపడును.

ఇందుకు 2023లో మెక్‌లారెన్ జట్టు కథ తార్కాణము. ఆ ఫిబ్రవరిలో క్రొత్త కారును లోకమునకు చూపు వేడుకలోనే, తాము తలపెట్టిన లక్ష్యములలో కొన్నింటిని అందుకొనలేదని ఆ జట్టు నాయకుడు ఆండ్రియా స్టెల్లా ఒప్పుకొన్నాడు. బాజాలు మ్రోగవలసిన దినమున ఆ మాట చెప్పుటకు గుండె నిబ్బరము కావలెను. మొదటి రెండు పందెములలో జట్టునకు ఒక్క పాయింటు రాలేదు. మార్చిలోనే సాంకేతిక శాఖను తిరిగి కూర్చి, ఒకరి చేతిలోని బాధ్యతను ముగ్గురికి పంచిరి. ఎనిమిది పందెములు ముగియునప్పటికి వచ్చినవి 17 పాయింట్లు.

జూలై 2న ఆస్ట్రియాలో పెద్ద మార్పులతో కారు వచ్చినది. కాని భాగములు ఒక్క కారుకే సిద్ధమైనవి. అది లాండో నారిస్‌కు దక్కినది. అతడు నాల్గవ స్థానమున ముగించినాడు. పాత భాగములతో పరుగెత్తిన ఆస్కార్ పియాస్ట్రీకి పాయింట్లు రాలేదు. ఇద్దరి చేతివాటము వేరైనను, మార్పు సరియైన దారిలో నున్నదని తెలియుటకు అది చాలినది. వారము తిరుగగానే సిల్వర్‌స్టోన్‌లో నారిస్ రెండవవాడు, పియాస్ట్రీ నాల్గవవాడు. సెప్టెంబరులో సింగపూరున మరికొన్ని మార్పులు వచ్చినవి. ఏడాది ముగియునప్పటికి 302 పాయింట్లు, నాల్గవ స్థానము. 2024లో, 1998 తరువాత మొదటిసారిగా, జట్ల విజేత పదవి వారిదే. ఫెరారీకి 652, వీరికి 666.

ఆ మధ్యకాలమున వారు వోకింగ్‌లో స్వంత గాలి సొరంగమును కట్టుకొన్నారు. అంతవరకు జర్మనీలోని పరుల సొరంగమునకు పోవుచుండిరి. ఆ సాయమును తక్కువ చేయను. కాని అది వాడుకలోనికి వచ్చినది 2023 ఆగస్టు నాటికి. జూలైలోని కారు అప్పటికే ముందుకు దూకినది. ముందుగా వచ్చినది సొరంగము కాదు. "మన కారు మెల్లగా నున్నది" అను మాట.

ఇచట నా కథ యొకటి చెప్పక తప్పదు. పదునైదేండ్ల క్రిందట నేనొక కార్యాలయమున నుండగా పక్షమున కొకసారి ప్రగతి నివేదిక పంపుచుంటిమి. మా పట్టికలో అంకెలన్నియు సరిగా కుదిరెడివి. ఒక చిన్న గుమాస్తా, "అయ్యా, క్షేత్రమునుండి వచ్చిన అంకెలకును మన అంకెలకును పొంతన లేదండీ" యని నోటు వ్రాసి పెట్టినాడు. నేను "చర్చింపవలెను" అని వ్రాసి ఫైలును ప్రక్కన పెట్టితిని. చర్చింపలేదు. మూడు నెలల తరువాత పై అధికారుల సమావేశమున ఆ తేడా బయటపడినది. నాకు దక్కినది కొంత సిగ్గు మాత్రమే. ఆ మూడు నెలలు తమకు రావలసినది రాక కాచుకొన్నవారు క్షేత్రములోనివారు. ఆ గుమాస్తా మరల అట్టి నోటు వ్రాయలేదు. అన్నిటికంటె నన్ను బాధించినది అదియే.

మన నివేదిక గాలి సొరంగము వంటిది. అందులో ఉన్నది నమూనా మాత్రమే. బాట వేరు. శుక్రవారమున రంగు పూసి పంపినప్పుడు గీతలు మనము కోరిన దారిని పోకపోవచ్చును. అప్పుడు రంగును తుడిచివేసినవాడు ఆదివారమున ఓడును. ఆ గీతలను గీసికొని మరల బల్లవద్దకు పోయినవాడు, వచ్చు పందెమునకు కొంచెము వేగముగా పోవును.

మా మేనల్లుడు ఇప్పుడు ఇంజనీరు. ఈ ప్రసంగము వ్రాసి వానికి చదివి వినిపించితిని. "లెక్కలు సరిగానే ఉన్నాయి మావయ్యా. కానీ ఆ గుమాస్తాగారికి ఎప్పుడైనా చెప్పావా, తప్పు నీదేనని?" అని అడిగినాడు.

చెప్పలేదు. రేపు ఉత్తరము వ్రాయవలెనని నిశ్చయించుకొన్నాను.