ఆర్థర్ కోటకు బడిపిల్లలు

ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్ సముద్రతీరంలో టింటాజెల్ కోట ఉంది. ఉందనేకన్నా మొండిగోడలు మిగిలాయనడం సబబు. ఆర్థర్ రాజు ఇక్కడే తల్లి కడుపున పడ్డాడని 12వ శతాబ్దంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ రాశాడు. ఆ కథ మోజులోనే కాబోలు, 1230లలో రిచర్డ్ ప్రభువు ఇక్కడ కోట కట్టించాడు. అంటే ముందు కథ పుట్టింది, తర్వాతే కోట లేచింది!

ముందుగా బుక్ చేసుకుంటే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ బడిపిల్లలను ఉచితంగా లోపలికి పంపుతుంది. 2019లో తెరిచిన కాలినడక వంతెన పిల్లలకు మహా సరదా. రెండు కొండల నుంచీ చెరో సగం చాచుకొచ్చి, మధ్యలో కలవకుండా ఆగిపోతుంది. 4 సెంటీమీటర్ల సందు కావాలనే వదిలారు. దాని మీద అడుగేయడానికి జంకేవాళ్లూ ఉంటారు, ముఖ్యంగా టీచర్లు.

కోటకు ఏడు వందల ఏళ్ల ముందే మధ్యధరా రేవుల నుంచి ఓడల్లో ఇక్కడికి సరుకులొచ్చేవి. ఆ జాడీల, పళ్లేల పెంకులు తవ్వకాల్లో వేలకొద్దీ దొరికాయి. నన్నడిగితే ఆర్థర్ కత్తికన్నా ఈ పెంకుల కథే పిల్లలకు ముందు చెప్పాలి.

కొండ కింది మెర్లిన్ గుహలోకి మాత్రం సముద్రం పాటు మీద ఉన్నప్పుడే వెళ్లాలి. పోటు వేళకు నీళ్లు లోపలికి వచ్చేస్తాయి.