గుండమ్మ ఇంటికి షేక్‌స్పియర్ చుట్టరికం

మొన్న ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా పక్క సీటు పెద్దావిడ ఫోన్‌లో ‘గుండమ్మ కథ’ చూస్తూ ముసిముసిగా నవ్వుతూనే ఉన్నారు. 1962 నాటి ఆ సినిమాకి షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ద ష్రూ’తో చుట్టరికం ఉంది.

1590ల నాటి ఆ నాటకంలో పెట్రూకియో కొత్త పెళ్ళాం కేట్‌ని పస్తులుంచుతాడు. పట్టపగలు సూర్యుణ్ణి చూపించి చంద్రుడంటే ఆవిడ ఔననాలి! చివర్లో పతిసేవ గురించి ఆవిడ చెప్పే 44 పాదాల ఉపన్యాసం అప్పట్లో ఆడవేషం కట్టిన కుర్రాడే చెప్పేవాడు. మనకి స్థానం నరసింహారావుగారి సత్యభామ లేదూ, అలాగన్నమాట.

తెలుగు సినిమాలో అక్కినేని, భార్యగా వేసిన జమున పొగరు దించడానికి ఆమెను తోటపనిలోకి దించుతాడు. గయ్యాళితనం మాత్రం ఆమె తల్లి గుండమ్మకి, అంటే సూర్యకాంతంగారికి దక్కింది. అన్నట్టు, గయ్యాళి అనే మాట మగాణ్ణి అనగా విన్నారా? నేనైతే వినలేదు.