ఇంటి వంట అందరి పని


నలుగురున్న కుటుంబం వారానికి రెండుసార్లు హోటలుకు వెళ్లి, ప్రతిసారీ 800 రూపాయలు వెచ్చిస్తే నాలుగు వారాలకు 6,400 రూపాయలవుతాయి. ఆ ధనం మిగలాలంటే ఇంటనే భుజించాలి. అయితే ఇల్లాలి శ్రమను రెట్టింపు చేసే పొదుపు ఎంతోకాలం నిలవదు.

అందుచేత మా ఇంట పనులు పంచుకున్నాము. ఆదివారం నేను కందిపొడి చేసి ఉంచుతాను. ఒక పాలు మినపప్పుకు రెండు పాళ్లు ఇడ్లీరవ్వ చొప్పున కలిపి పిండి పులియబెడతాను. పిల్లలు కూరలు తరుగుతారు. అలసి వచ్చిన సాయంకాలం ఇంట ఏదీ సిద్ధంగా లేనప్పుడే హోటలు గుర్తుకు వస్తుంది. వేడి అన్నం, కందిపొడి, నెయ్యి, పెరుగు ఉంటే ఆ పూట గడిచిపోతుంది.

అన్నాన్ని నిందించరాదని తైత్తిరీయోపనిషత్తు ఆదేశించింది. వండే చేతులకు తోడుగా నిలవడం కూడా అన్నాన్ని గౌరవించడమే. ఈ వారం ఒక్క పూటతో ఆరంభించండి.